రెండు పొయ్యిల పరీక్ష

శివకృష్ణకు మూడు రోజులుగా కడుపు బాగాలేదు. కారణం కోడలి పొయ్యేనని తల్లి ఎల్లవ్వ తేల్చేసింది. అత్త పొయ్యి అని భార్య ప్రసన్న అనలేదు గానీ, అన్నట్టే చూసింది.

అమ్రోలిలోని ఆ చిన్న ఇంట్లో రెండేళ్లుగా రెండు పొయ్యిలు. వంటింట్లో ప్రసన్నది, వెనక వరండాలాంటి గ్యాలరీలో ఎల్లవ్వది. పప్పులో వెల్లుల్లి ఎంత వేయాలన్న దగ్గర మొదలైన గొడవ అది. మార్కెట్‌లో పని ముగించుకుని రాగానే శివకృష్ణ రెండు చోట్లా కూర్చుని రెండుసార్లు తినాలి. ఎక్కడ ఒక ముద్ద తగ్గినా ఆ పూట ఇంట్లో మాటలుండవు.

ఇక తన వల్ల కాదన్నాడతను. ప్రసన్న ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. రెండు పొయ్యిల దగ్గరా పరీక్ష చేయమన్నాడు. ఎక్కడ బూజూ క్రిములూ ఎక్కువుంటే ఆ పొయ్యి మూతపడుతుంది, అందరికీ రెండోదాని మీదే వంట.

దొంగ చేతికే తాళంచెవులిచ్చినట్టుందని ఎల్లవ్వ గొణిగింది. ఉధ్నాలో బట్టల కార్ఖానాలో ముప్పై ఏళ్లు దారం బాబిన్లు చుట్టి కొడుకును పెంచిన మనిషి. ఇప్పుడు పిడికెడు అన్నం కోసం కోడలి మొహం చూడాలా? ఆ ఆలోచనకే ఆమెకు ఏడుపొచ్చింది.

ఆదివారం ప్రసన్న దూదిపుల్లలతో రెండు పొయ్యిల గట్లూ, వాటి వెనక గోడలూ తుడిచింది. ల్యాబ్ నుంచి తెచ్చిన రెండు గుండ్రటి డబ్బాల్లో, అడుగున జెల్లీలా ఉన్నదాని మీద ఆ పుల్లల్ని రాసింది. నాలుగు రోజుల్లో ఉన్నవన్నీ మొలిచి కనబడతాయంది. మూతల మీద పేర్లు రాయబోతే ఎల్లవ్వ అడ్డుపడింది.

“నాకు చదువు రాదు. కార్ఖానల బాబిన్లకు కట్టినట్టు దారం కట్టు. నాకు ఎర్రది, నీకు నీలిది. నా కండ్లతోని నేనే చూసుకుంట.”

అలాగే కట్టి, ప్రసన్న డబ్బాలను తన గదిలోని బీరువాలో పెట్టి వచ్చింది.

మర్నాడు ఎల్లవ్వకు కాలు నిలవలేదు. అసలే వానాకాలం. గ్యాలరీ గోడకు చెమ్మ. కళ్లలో శుక్లాలు మొదలయ్యాక మసాలా డబ్బాల వెనక ఏముందో ఆమె చూసింది లేదు. తన పొయ్యి శుభ్రం గురించి ఇంటింటికీ తిరిగి చెప్పుకున్న గొప్పలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

కోడలు డ్యూటీకి వెళ్లగానే బీరువా తెరిచింది. దారాలు విప్పి, దీనిది దానికి, దానిది దీనికి మార్చి కట్టింది. ముప్పై ఏళ్లు ముళ్లు వేసిన చెయ్యి, ఎవరూ కనిపెట్టలేరు. పాపమే అనిపించింది. అయినా కోడలు చిన్నది, ఓడినా తట్టుకుంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

గురువారం డబ్బాలు బల్ల మీదికొచ్చాయి. నీలి దారం డబ్బాలో నాలుగైదు చుక్కలున్నాయి. ఎర్ర దారం డబ్బాలో నల్లగా, నూగునూగుగా చిన్న అడవే మొలిచింది.

ఎల్లవ్వ నోరు తెరిచింది. మార్చింది తనే కదా. అంటే ఆ అడవి కోడలిది, ఆ నాలుగు చుక్కలే తనవి. తన పొయ్యి నిజంగానే అద్దంలా ఉందన్నమాట. ఉత్తపుణ్యానికి భయపడి, గెలిచిన పందేన్ని తన చేతులతో తనే కోడలికి కట్టబెట్టింది. చెప్పుకుందామంటే తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది.

“అమ్మా, ఇగ నీ పొయ్యి బంద్,” అని శివకృష్ణ సిలిండర్ తీయడానికి గ్యాలరీలోకి వెళ్లాడు.

ఎల్లవ్వ కళ్లు నిండాయి. కోడలు నవ్వుతుంటుందనుకుని తలెత్తింది. ప్రసన్న నవ్వడం లేదు. ఎర్ర దారం వైపే అయోమయంగా చూస్తోంది. తర్వాత మెల్లగా వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది.

“మీ పొయ్యి పోవద్దని బీరువాల పెట్టేటప్పుడే దారాలు నేనే మార్చి కట్టిన అత్తమ్మా, మళ్ల ఎట్ల మారినయో నాకు సమజైతలేదు.”