ఫోన్ మోగని మనిషి

ఆర్నెల్లుగా ఎవరికీ కాల్ చేయని, ఎవరి కాలూ రాని నంబరు ఉంటే ఆ మనిషి పోయినట్టే. ఊళ్లో మరణాలు అంచనా వేయడానికి మా ఆఫీసు రాసిన ప్రోగ్రాం లెక్క అది.

ఫలితం రాగానే ముందు మా నంబర్లే వెతుక్కున్నాం. అందరూ బతికే ఉన్నారు, నేను తప్ప.

"ప్రోగ్రాంలో తప్పుందండీ," అన్నాను.

"తప్పేం లేదండీ. ఎవరికైనా ఒక కాల్ చేసెయ్యండి, సరిపోతుంది," అన్నాడు మేనేజరు.

ఎవరికి చేయాలో తోచక, ఇదే ఊళ్లో ఉంటూ మాటలు మానేసిన అక్కకు చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఏమే, బతికే ఉన్నావా?"

"ఇప్పుడే బతికానక్కా."

మర్నాడు ఊరంతటి లెక్క మళ్ళీ తీశాం. మృతుల్లో ఇద్దరు తగ్గారు.

"మీరొక్కరే కదండీ, రెండో మనిషెవరు?" అన్నాడు మేనేజరు.

నేను అప్పటికే అక్క నంబరు నొక్కుతున్నాను.