ఆత్మకూరు జట్టులో ఇద్దరు పొడుగువాళ్లు

“మీ జట్టులో ఆ ఇద్దరు పొడుగోళ్లుండారే, వాళ్లలో ఎవురు మేలంటావు అబ్బాయ్?”

బట్ట కొలుస్తున్న రంగనాథం చెయ్యి ఆగింది. అడిగినాయన నారాయణయ్య, ఉదయగిరి నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన రైతు. చొక్కా గుడ్డ కావాలని కొట్లో కూర్చుని, గంటనుంచీ ఆత్మకూరు బాస్కెట్‌బాల్ జట్టు సంగతే అడుగుతున్నాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు కట్టుకున్న ఆ జట్టుకు రంగనాథమే కెప్టెన్. పొడుగువాళ్లు సిద్ధయ్య, రమణయ్య. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఇద్దరూ నారాయణయ్య కులంవాళ్లే. పిల్లనిచ్చేవాళ్లు ఇలాగే వస్తారు. స్నేహితుల దగ్గర కూర్చుని, పెళ్లి మాట ఎత్తకుండా అన్నీ ఆరా తీస్తారు. రమణయ్యకు ముప్పై దాటింది. పిల్ల అతని భుజానికైనా రాదని నాలుగు సంబంధాలు తప్పిపోయాయి. ఇది తప్పకూడదు.

“బంతి బుట్టలో వేసేది సిద్ధయ్య. చప్పట్లన్నీ వాడికే. అయితే రమణయ్య రానిరోజు మేం గెలిచిందే లేదు.”

“ఆయన ఒక్కటీ వెయ్యలేదే! మొన్న చూసినాను.”

“వెయ్యడు. బుట్ట కింద నిలబడి అవతలోళ్లను వెయ్యనీడు. పడిన బంతి పట్టి సిద్ధయ్యకిస్తాడు.”

“తోస్తే?”

“కదలడు.”

“కోపమేమన్నా?”

“వాడికా!”

“మోకాళ్లు బాగుండాయా?”

రంగనాథం తికమకపడ్డాడు. సేద్యానికి కాబోలు.

“రాళ్లలాగుండాయి.”

“చెయ్యెత్తితే ఎందాకా అందుతాది?”

“ఈ కొట్టు దూలం అందుతాది,” అన్నాడు. ఇదెందుకో అసలే అర్థం కాలేదు. వాళ్ల మిద్దె ఎత్తు తక్కువేమోనని సరిపెట్టుకున్నాడు.

“మా ఊరొచ్చి ఉండిపొమ్మంటే ఉంటాడా?”

ఇల్లరికం! రమణయ్య పోతే జట్టు పోయినట్టే. అడ్డుపడితే మాత్రం వాడు జీవితమంతా ఒంటరే.

“ఉంటాడు పెద్దాయనా. వాళ్ల అవ్వను గూడా తీసకపోండి. నేను ఒప్పిస్తా.”

“నువ్వే ఒప్పిస్తావా?” నారాయణయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. “ఏంది నాయనా, ఇంత మంచోడివి!”

ఆ సాయంత్రం రమణయ్య కూడా నమ్మలేదు.

“నన్ను పొమ్మంటున్నావా రంగా?”

“పోరా. మళ్లీ ఇట్టాంటిది రాదు.”

రమణయ్య తల వంచుకుని వెళ్లిపోయాడు. రంగనాథం ఒక పట్టు పంచె తీసి పక్కన పెట్టి, శుభలేఖ కోసం ఎదురుచూశాడు.

నెల తిరిగేసరికి, నారాయణయ్య పెట్టిన ఉదయగిరి జట్టుకు కెప్టెన్‌గా రమణయ్య ఆత్మకూరుతో ఆటకు దిగాడు.