రెండు చందమామల నేల

"ఇప్పుడేం కనపడతాండాది?" అని మైమూన్ బీ అడిగింది.

గోవిందప్ప గొంతు సవరించుకున్నాడు. "ఎర్రనేల. చెట్టూ లేదు, చేమా లేదు. పైన రెండు చందమామలుండాయి. ఒకటి నిండుగా ఉండాది. ఇంకోటి ఎవురో కొరికి పెట్టిన దోసకాయ ముక్క మాదిరి."

"నౌక?"

"దిగతాండాది. కింద దుమ్ము లేస్తాండాది. తంబళ్లపల్లె దిన్నెల మీద గొర్రెలమంద పోతే లేస్తాదే, అట్ల."

ఆమె వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. చూపు లేని కళ్లు టీవీ వైపే ఉన్నాయి. కాసేపు విని, ఈడ ఎవరన్నా ఉండారా అని కెప్టెన్ కేకేస్తున్నాడని, ఎవరూ పలకడం లేదని చెప్పింది.

పుంగనూరులో గోవిందప్ప ఇంట ఆదివారం పొద్దున ఏళ్లుగా జరుగుతున్న పని అది. ఢిల్లీ నుంచి వచ్చే హిందీ సీరియల్. దారి తప్పిన ఆకాశనౌక ఒకటి భూమిని వెతుక్కుంటూ చుక్కల మధ్య తిరుగుతూ ఉంటుంది. వారానికొక లోకం. వీధికంతా ఒకటే టీవీ ఉన్న రోజుల్లో జనం ఈ వసారాలో కాలు పెట్టే చోటు లేకుండా కూర్చునేవారు. కుక్కపిల్లలకు కెప్టెన్ పేరు పెట్టుకున్నారు. నౌక నిప్పుల వానలో చిక్కుకున్న వారం ఎదురింటి మునిలక్ష్మమ్మ గంగమ్మకు కోడిని మొక్కుకుంది. తర్వాత ఎవరి టీవీలు వాళ్లకు వచ్చాయి. రాకపోయినా జనం మానుకునేవాళ్లే. గోవిందప్ప నోరు అలాంటిది. పెళ్లాం పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లను కూడా వాకిట్లోనే నిలబెట్టి పంపేశాడు. ఇప్పుడు వీధిలో ఎవరితోనూ అతనికి మాటల్లేవు. మిగిలింది పక్కింటి మైమూన్ బీ ఒక్కతే.

ఆమెకు బొమ్మ కనపడదు. అతనికి హిందీ రాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి కాబట్టి ఆమెకు ఆ మాటలు అర్థమవుతాయి. అతను చూసింది చెబుతాడు. ఆమె విన్నది చెబుతుంది. ఇద్దరికీ కలిపి ఒక సీరియల్.

ఆమె తమ్ముడు అలావుద్దీన్‌కు కుప్పంలో పరుపుల అంగడి ఉంది. మొగుడు పోయి, చూపు పోయి, అక్క ఒంటరిగా ఇక్కడెందుకని అతని గోడు. వచ్చినప్పుడల్లా తనతో రమ్మనేవాడు. ఆమెది ఒకటే మాట.

"నౌక ఇల్లు చేరనీ. మర్సనాడే వస్తా."

మొదట్లో అతను నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

ఆ మాట గోవిందప్ప విన్నాడు. సీరియల్ ఉన్నన్నాళ్లే ఆమె పుంగనూరులో ఉంటుంది. ఉన్నా, సీరియల్ లేకపోతే ఆమె ఈ గడప తొక్కడానికి వేరే కారణం లేదు. ఊరికే వచ్చి కూర్చోమని అడగడం అతని వల్ల కాదు. అడిగితే వీధి ఊరుకోదు.

అందుకే ఎండాకాలంలో టీవీలో బొమ్మ పోయినప్పుడు ఆమెకు చెప్పలేదు. మదనపల్లె నుంచి వచ్చిన మెకానిక్ వెనక మూత విప్పి చూశాడు. ట్యూబు కాలిపోయిందని, ఆ రకం ఇప్పుడు రావడం లేదని, మాట వినపడుతుంది కదా అని చెప్పి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి గోవిందప్ప నల్లటి అద్దం ముందు కూర్చుని లోకాలు అల్లుతున్నాడు.

మొదటి వారం ఆచితూచి మాట్లాడాడు. బొమ్మ ఒకటి, మాట ఒకటి అయితే దొరికిపోతాడు. కానీ ఎప్పుడూ తప్పలేదు. అతను సముద్రం అంటే, కెప్టెన్ పడవ అడుగుతున్నాడని ఆమె చెప్పేది. అతను మంచు అంటే, ఎవరో చలికి వణుకుతున్నారనేది. తన ఊహ ఇంత సరిగ్గా ఎలా పడుతోందో అతనికే అంతుపట్టలేదు. సీరియల్ ముందొచ్చే వాయిద్యం మారిందేమని ఒకసారి అడిగాడు. వేరే ఆకాశంలోకి వచ్చినారు, వాయిద్యం మారదా అందామె.

లోకాలు రానురాను అందంగా తయారయ్యాయి. నేలలోంచి పైకి కురిసే వాన. ఎండ తగ్గగానే నీడలు మనుషులను వదిలి వాగు దగ్గరికి పోయే ఊరు. పోయినవాళ్లంతా ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని శనక్కాయలు ఒలుచుకునే ఊరు. ఆ వారం కెప్టెన్ ఏమన్నాడో ఆమె చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఈ ఆదివారం, నౌక రెండు చందమామల నేల మీద దిగుతుండగా, అలావుద్దీన్ వాకిట్లోకి వచ్చాడు. చేతిలో ఖాళీ ట్రంకుపెట్టె. ముఖంలో, ఈసారి తీసుకుపోకుండా కదలననే పట్టు.

గోవిందప్ప మాట ఆగిపోయింది. అలావుద్దీన్ నల్లటి అద్దాన్ని చూశాడు, అతని వైపు తిరిగాడు. గోవిందప్ప వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. బతుకులో ఎవరినీ బతిమాలని మనిషి.

"ఎవరప్పా?" అంది మైమూన్ బీ.

"నేనే ఆపా. నిన్ను పిల్సుకోని పోదామని వచ్చినా. నౌక ఇంకా ఇల్లు చేరలేదా?"

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.

"యాడప్పా. సగం దూరం గూడా రాలేదు."

"కెప్టెన్ ఏమంటాండాడు?" అని అడిగాడు గోవిందప్ప.

ఆమె టీవీ వైపు చెవి వంచింది. "ఈడ నేల మంచిగుండాది, కొన్నాళ్లు ఈడనే ఉందాం అంటాండాడు."

అలావుద్దీన్ టీవీలోంచి వచ్చే మాటలు కాసేపు విన్నాడు. అతనిదీ అదే భాష. అక్క ముఖం చూశాడు. తర్వాత ట్రంకుపెట్టె చప్పుడు కాకుండా ఎత్తుకున్నాడు.

"సరే ఆపా. నౌక చేరినాక కబురు సెయ్యి," అని చెప్పి కుప్పం బస్సుకు వెళ్లిపోయాడు.

టీవీలో ఎవరో ఇందాకటి నుంచీ హిందీలో గోధుమ పైరుకు పట్టే తెగులు గురించే చెబుతున్నాడు.