అరువు చేతులు

వారం క్రితం నేను రంగుల్లో వేసి ఇంటికి పంపిన వాళ్లక్క బొమ్మను ఆంబ్రోజ్ విట్‌కోంబ్ దొరగారు మళ్లీ నా దగ్గరికే మోయించుకొచ్చారు.

"ముఖం మా అక్కదే. చేతులు మాత్రం ఆవిడవి కావు," అన్నారు.

"అంత కచ్చితంగా ఎలా చెప్పగలరండీ?"

"చిన్నప్పట్నుంచీ ఆ చేతుల దెబ్బలు తిన్న చెంపలయ్యా ఇవి."

ఈ సంగతి పొక్కితే బాత్ నగరంలో ఇక నా గడప తొక్కేవాళ్లుండరు. చేసేది లేక నిజం ఒప్పుకున్నాను. పెద్దింటి ఆడవాళ్లు ముఖం వేసినంతసేపే ఓపిగ్గా కూర్చుంటారనీ, చేతులు ఇంకొకరివి చూసి వేస్తామనీ చెప్పాను.

"ఎవరివి చూసి?" అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు.

ముప్పై దాటినా పెళ్లికాని మా అక్క డార్కస్ అప్పుడే టీ తెచ్చింది. ఆయన కప్పు అందుకోవడం మరిచి, దాన్ని పట్టుకున్న వేళ్లనే చూస్తూ ఉండిపోయారు. టీ కాస్తా చల్లారింది.

వెళ్లేటప్పుడు బొమ్మను మారుమాట లేకుండా తీసుకెళ్లారు. గురువారం మళ్లీ టీకి రావచ్చా అని నన్ను కాదు, అక్కనే అడిగారు.

తలుపు వేసి, "నా పనిలోకి లాగి నిన్ను ఇరికించాను. ఏమనుకోకే అక్కా," అన్నాను.

డార్కస్ ఆ చల్లారిన టీ తానే తాగుతూ నవ్వింది.

"పెళ్లికాని తమ్ముళ్లున్న ఆడవాళ్ల బొమ్మలకే నేను చేతులిస్తున్నానని నువ్వు ఇన్నాళ్లూ గమనించనేలేదట్రా?"