తిన్నాక సెప్పన్నా

"సూరన్న ఇల్లు ఇదేనా?" అని గుమ్మంలో నిలబడి అడిగాడు గంగరాజు.

"ఇదే. నాను కాశమ్మని, ఆడి పెళ్ళాన్ని. నీదేవూరన్నా?"

"భీమిలి."

"తుపానుకి బస్సుల్లేవు కదేటి, నడిసొచ్చినావా? రా, కాళ్ళు కడుక్కో."

ఆ పొద్దున భీమిలి ఒడ్డుకి సముద్రం ఒక శవాన్ని తెచ్చి పడేసింది. హార్బర్లో రెండుసార్లు చూసిన ముఖం, జాలరిపేట సూరన్న. గుర్తుపట్టిన పాపానికి, కబురు చెప్పి రమ్మని పెద్దలు గంగరాజునే తోలారు. ఆనవాలుకి శవం మెళ్ళోంచి తీసిన తాయెత్తు నల్లతాడుతో సహా అతని మొలలో దోపి ఉంది.

"సెల్లీ, నానొక మాట సెప్పాల."

"తిన్నాక సెప్పన్నా. మాటెక్కడికీ పారిపోదు."

చెంబుతో నీళ్ళిచ్చింది. లోపల నులక మంచం మీద సూరన్న తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చేపలవేటకెళ్ళి తుపానులో చిక్కిన కొడుకొస్తేగానీ మెతుకు ముట్టనని మూడు రోజులుగా పస్తు. ఒంట్లో జీవం ఉన్నట్టే లేదు.

"అత్తా, లే! నీ కొడుకు భీమిలిలో ఒడ్డుకి సేరినాడంట. ఒళ్ళలిసి ఆగిపోనాడంట. ఔనా అన్నా?"

గంగరాజు చెంబు కింద పెట్టేశాడు. ఈ పిచ్చితల్లి ఎక్కణ్ణుంచి అల్లిందీ కథ? ముసలమ్మ మోచేతుల మీద లేచి అతని ముఖంలోకి చూసింది. ఆ చూపుకి కాదనగల మొనగాడెవడు?

"ఔనమ్మా" అన్నాడు.

"ఏటి సేత్తన్నాడు నాయినా?"

"పడుకున్నాడమ్మా."

అన్నాక తన నాలుక కోసేసుకోవాలనిపించింది.

కాశమ్మ పొయ్యి మీంచి వేడన్నం దించి, ఎండుచేపల పులుసుతో ముసలమ్మకి కలిపి పెట్టింది. ఐదేళ్ళ కూతురికి పెట్టింది. గంగరాజుకీ పెట్టి, తానూ కంచంలో వడ్డించుకుని గబగబా మింగింది. ఇంత ఆశ పెట్టుకున్న మనిషికి ఎలా చెప్పడం? గంగరాజు మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు.

"సెల్లీ, సూరన్న..."

"ఇంకో ముద్ద కలుపన్నా. అంత దూరం తిరిగి నడవాల నువ్వు. దిగులెందుకు, రేపన్నదొకటి ఉంది కదా."

ముసలమ్మ కంచం ఊడ్చి తినేసింది. మనవరాలిని దగ్గరికి లాక్కుని, నవ్వుతూ పడుకుంది. గంగరాజు ఇక ఉండలేక పెరట్లోకి వచ్చేశాడు. చెప్పకుండా పారిపోదామా అనుకున్నాడు. ఊళ్ళో పెద్దలకి ఏం చెప్పాలి? అక్కడ ఒడ్డున ఈతాకుల కింద పడి ఉన్న మనిషికి ఏం చెప్పాలి?

కాశమ్మ కంచాలు కడిగింది. చెంబెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో నిప్పులు ఆర్పేసింది. తలుపు దగ్గరగా వేసి పెరట్లోకి వచ్చి, గంగరాజు ముందు చేయి చాపింది.

"నువ్వు నోరిప్పితే ఈ ఇంట పొయ్యెలగదు, ముసల్ది బతకదు. అందుకే అందరి కడుపులో ఇంత పడనిచ్చినాను" అంది గొంతు తగ్గించి. "గుమ్మంలోనే సూసినాను నీ మొలలోంచి ఏలాడతన్న నల్లతాడు, నాను ఏసిన ముడి. ఇప్పుడియ్యన్నా, నా మొగుడి తాయెత్తు."