నాలుగో జీవి

“బల్లి.”

హెడ్మాస్టరు సంజీవరావు నోట ఆ ఒక్క మాటే వచ్చింది. వంటామె మగ్దలీనమ్మ ఎత్తి పట్టుకున్న గరిటె అంచున సన్నటి తోక వేలాడుతోంది. దాని మీది నుంచి పప్పుచారు బొట్లుబొట్లుగా కారుతోంది. బడి వరండాలో నలభై మంది పిల్లలు అన్నం పెట్టించుకుని పప్పుచారు కోసం ఎదురుచూస్తున్నారు.

“ఎవరికీ పోయొద్దు. మొత్తం పారబోయండి,” అంటూ ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. “బల్లి పడింది తింటే ఒక్కడు మిగలడు.”

తోటి వంటామె ఆదిలక్ష్మమ్మ చేతిలోని పళ్లెం జారిపోయింది. మగ్దలీనమ్మ మాత్రం గరిటె పక్కకు తిప్పుకుని, “మీరు దగ్గరికి రావద్దు సారూ, నేను తీసేస్తా,” అంటూ వంటపాక వెనక్కి పోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి సంజీవరావుకు భయం తగ్గి కోపం వచ్చింది.

“మూత పెట్టి చావలేదా?”

“పెట్టినా సారూ. కలిపేదానికి తీసినప్పుడు పడినట్టుంది.”

“మొన్న బియ్యంలో పురుగులంటివి. పొద్దున పప్పు మందు వాసనంటివి. సుబ్బయ్యగారి బస్తాకు వంకలు పెట్టేదానికి ముక్కు పనిచేస్తుంది, వండేటప్పుడు కళ్లు పనిచేయవు. రేపటి నుంచి రావద్దు.”

సుబ్బయ్య బడి కమిటీ పెద్ద. బడికి పప్పు ఆయన కొట్టంలో నుంచే వస్తుంది. పేదవాడి కోపం పెదవికి చేటని మగ్దలీనమ్మకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆమె వాదించలేదు, వంగి సంజీవరావు కాళ్లు పట్టుకుంది.

“మార్కాపురం పలకల గనిలో నడుము విరిగి నా కొడుకు మంచంలో ఉండాడు సారూ. తల్లి లేని పిల్ల నా చేతుల్లో ఉంది. ఈ పని పోతే మేం ముగ్గురం ఏం తిని బతకాల?”

“అది వండేటప్పుడు తెలియాలి,” అని ఆయన కాళ్లు లాక్కున్నాడు.

ఆదిలక్ష్మమ్మ ఇంటి నుంచి మజ్జిగ తెచ్చి పిల్లల అన్నంలో పోసింది. మగ్దలీనమ్మ కంచె పక్కన మోకాటి లోతు గొయ్యి తవ్వి, పప్పుచారంతా అందులో పోసింది. మూతి పెట్టబోయిన కుక్కను రాయి పెట్టి కొట్టింది. మట్టి కప్పి, దాని మీద కంప వేసింది. ఆ తర్వాత పప్పుచారు కాచిన దేగిసాను ఇసుకతో మూడుసార్లు తోమింది.

“ఇంక ఎవరి కోసమక్కా అంతగా తోమేది?” అంది ఆదిలక్ష్మమ్మ.

మగ్దలీనమ్మ గరిటె అందుకుని దాన్నీ తోమసాగింది.

సాయంత్రం కొమరోలు రోడ్డు వెంట ఇంటికి నడుస్తుంటే మనవరాలు దీవెన కొంగు పట్టుకుంది. మూడో తరగతి పిల్ల.

“అవ్వా, ఇంటర్‌బెల్లులో నా బొమ్మ లాక్కుంటివి గదా. ఇయ్యి.”

“బడికి బొమ్మలు తేవద్దని చెప్పినానా లేదా? ఇంటికి పోయినాక ఇస్తా.”

ఆదివారం బడిలో వాక్యం ఒప్పజెప్పిన పిల్లలకు ఇమ్మానుయేలు పాస్టరు తలా ఒక బొమ్మ ఇచ్చాడు. బలం లేకపోయినా తెలివైన నాలుగు చిన్న జీవుల వాక్యం అది. దీవెన వారం రోజులు బట్టీ పట్టింది.

“చీమ ఎండాకాలంలోనే తిండి దాచుకుంటాది. కుందేలు బండల సందులో ఇల్లు కట్టుకుంటాది. మిడతలకు రాజు లేడు, అయినా వరస తప్పవు. నాలుగోదేమో…”

“చాల్లే, నడువు.”

“మనమేం దాచుకున్నామవ్వా?”

మగ్దలీనమ్మ నడక వేగం పెంచింది. ఇంట్లో ఉన్నవి రెండు దోసిళ్ల నూకలు.

కొడుకు రాజ్ కుమార్ మంచంలో నుంచే మొహం చూసి పోల్చుకున్నాడు. “పని పోయిందా అమ్మా?”

“పోయింది నాయనా.”

అతను గోడవైపు తల తిప్పుకున్నాడు. మగ్దలీనమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. రోజూ ధారగా వచ్చే ప్రార్థన ఇవాళ రాలేదు. “చేసింది తప్పయితే క్షమించు తండ్రీ, పిల్ల కడుపు మాత్రం మాడ్చొద్దు,” అని అక్కడే ఆగిపోయి ఏడ్చింది.

దీపాల వేళకు ఆదిలక్ష్మమ్మ రొప్పుతూ వచ్చింది.

“అక్కా, విన్నావా? సుబ్బయ్య కొట్టంలో పప్పు బస్తా పక్కనే పత్తి మందు డబ్బా కారిందంట. కింద రాలిన పప్పు తిని పొద్దున్నుంచి పదమూడు కోళ్లు చచ్చినాయి. బస్తాను గుట్టుగా పూడ్చేసినారు.”

మగ్దలీనమ్మ గుంజకు ఆనుకుంది. “పిల్లలు బాగుండారు గదా?”

“వాళ్లకేం, గంతులేస్తాండారు. ఆ బల్లే పడకపోతే నలభై మంది ఏమయ్యేవాళ్లు? మీ దేవుడో మా దేవుడో పంపినాడక్కా దాన్ని.”

“మరి నా పని?”

ఆదిలక్ష్మమ్మ గొంతు తగ్గింది. “బస్తా మాట ఎవరూ ఎత్తకూడదంట. వంటామె అజాగ్రత్తతో బల్లి పడిందనే రాసుకున్నారు. రేపటికి వేరే మనిషిని మాట్లాడినారు. నిజం నీకూ నాకూ తెలిసి ఏం లాభం?”

ఆమె తెచ్చిన శేరు జొన్నలు గడప దగ్గర పెట్టి వెళ్లిపోయింది. మగ్దలీనమ్మ తలుపు దగ్గరికి వేసింది.

“నాలుగోది చెప్పనీయకపోతివి. నా బొమ్మయినా ఇయ్యవ్వా,” అంది దీవెన.

మగ్దలీనమ్మ రొంటిన దోపుకున్న గుడ్డమూట తీసి, పిల్ల చేతిలో విప్పింది.

మూటలో పప్పుచారు పసుపంటిన రబ్బరు బల్లి ఉంది.