రెండో పెట్ట

ఊరి పోతు పావురాలన్నీ ఒక్క పెట్ట వెనకాల పడి ఎగురుతుంటే, టోనెట్ పావురం మాత్రం పెళ్ళిలో అలిగిన బావమరిదిలా పక్కకి తిరిగి వెళ్ళిపోయింది.

"అదుగో, మళ్ళీ షీమో మేడ మీదికే," అన్నాడు టోనెట్.

పందెం పద్ధతి చిన్నదే. తోకకి తెల్ల ఈక కట్టిన పెట్టను వదులుతారు. ఎవరి రంగులు పూసిన పోతు దాని పక్కన ఎక్కువసేపు ఉంటే వాడు గెలిచినట్టు. వలెన్సియా నారింజతోటల మధ్య ఆ ఊళ్ళో మగాళ్ళు బతికేదే ఆ శనివారాల కోసం. పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోతారు గాని, పావురం రెక్కకి ఏ రంగు పూశారో చచ్చినా మరిచిపోరు.

టోనెట్ పావురం పేరు చిన్నదొర. దాన్ని కొన్న డబ్బుతో చర్చికి కొత్త గంట వచ్చేదని కొందరన్నారు. గంటతోపాటు దాన్ని కొట్టేవాడికి జీవితాంతం జీతం కూడా వచ్చేదని ఇంకొందరన్నారు. టోనెట్ మీసం దువ్వుకుంటూ వినేవాడు. ఆ డబ్బు ఎక్కడిదో మాత్రం చెప్పేవాడు కాదు. ఇంటికప్పు కారుతోంది, బాగు చేయిద్దామని పెళ్ళాం ఫీనాకి పుట్టింటివాళ్ళిచ్చిన తోట అమ్మించాడు. అమ్మి, పావురాన్ని పట్టుకొచ్చాడు.

ఆవేళ ఫీనా పావురాన్ని చాలాసేపు చూసింది.

"పోనీలే. కప్పు మీద కూర్చోడానికి ఒకటొచ్చిందిగా," అంది.

అంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. కారే చోటల్లా గిన్నెలు పెట్టింది. సాయంత్రం పూట, చనిపోయిన వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళి కుండీలకు నీళ్ళు పోసి వచ్చేది. మా ఆవిడ బంగారమని టోనెట్ కాఫీ కొట్టులో చెప్పుకునేవాడు. ఆ బంగారం ముందు ఒట్టు కూడా వేశాడు. ఈ ఏడు చిన్నదొర గెలిస్తే దానికి తోడు ఇంకో పోతును కొంటాడు, అందుకు ఫీనా వాళ్ళమ్మ ఇల్లు అమ్మాలి. గెలవకపోతే చిన్నదొరను అన్నంలో వండించుకు తిని, ఇక పావురమన్న మాటే ఎత్తడు.

మొదటి పందేల్లో చిన్నదొర రాజులా గెలిచింది. తర్వాతే ఏమొచ్చిందో, ఆకాశంలో పెట్టను వదిలేసి షీమో మేడ మీద వాలడం మొదలుపెట్టింది. ఇప్పుడు ముందున్నది షీమో పావురం.

షీమో టోనెట్‌కి పక్కింటివాడు, చిన్ననాటి స్నేహితుడు. ఆ శనివారం టోనెట్ ఆగలేక, పందేల పెద్ద ఎలాదిని వెంటబెట్టుకుని షీమో మేడెక్కాడు. పాత తొట్టి వెనక బోర్లించిన నారింజపెట్టె ఉంది. ఎత్తి చూస్తే కింద ఒక పెట్ట. నున్నగా, బాగా మేసిన పెట్ట. మనుషుల్ని చూసి బెదరను కూడా లేదు. పందెం రోజున ఊళ్ళో రెండో పెట్టను బయట పెట్టడమంటే అంతకు మించిన ద్రోహం లేదు.

షీమో సగం గీసిన గడ్డంతో, నురగతోనే, మెట్ల మీద కుంటుకుంటూ వచ్చాడు. మోకాలు పోయిందగ్గర్నుంచి తానీ మేడే ఎక్కలేదనీ, తన పావురాలు పెరట్లో ఉన్నాయనీ మొత్తుకున్నాడు.

"మోకాలు ఎక్కలేదేమో గాని నీ ఏడుపు ఎక్కిందిరా," అన్నాడు టోనెట్.

"మన మొదటి పావురాన్ని ఇద్దరం ఒకే టోపీలో దాచుకుని తెచ్చుకున్నాం. నన్నా అనేది?"

"అందుకే కడుపు మండుతోంది. పరాయివాడు చేసుంటే పందెం పోయిందనుకుని ఊరుకునేవాణ్ణి. ఈ నడుమెత్తు గోడకి అవతల, మా మేడ మీద, నా పెళ్ళాం రోజూ దుప్పట్లు ఆరేస్తుంది, పిచ్చిది, అది కూడా కనిపెట్టలేకపోయింది."

ఎలాది ఇద్దర్నీ ఆపాడు. మనుషులు అబద్ధమాడతారు, పావురానికి మాత్రం తనకి తిండిపెట్టిన చెయ్యి తప్ప ఇంకేమీ తెలియదు, ఆ పెట్టనే అడుగుదామన్నాడు. ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు వదలాలి. అది షీమో పెరట్లో వాలితే షీమో రంగులు పందేల సంఘం గోడ మీంచి చెరిపేస్తారు. బతికినంతకాలం వాడు పావురాన్ని ముట్టకూడదు. షీమో సరేనన్నాడు. ముఖం మీద నురగ ఆరిపోయి పొలుసులు కట్టింది.

ఆదివారం ఊరంతా దిగింది. మంచం పట్టిన ముసలాళ్ళు మంచాలతో సహా వచ్చారని తర్వాత చెప్పుకున్నారు. తలనొప్పి, నేను రానంటున్న ఫీనాను టోనెట్ చెయ్యి పట్టి లాక్కొచ్చి పక్కన నిలబెట్టుకున్నాడు.

"చూడు. మన నోటికాడ కూడు లాక్కున్నది ఎవడో అందరూ చూస్తారు," అన్నాడు.

"వద్దు టోనెట్. పోయిందేదో పోయింది, ఇంటికి పోదాం రా."

"నీ మంచితనమే మన కొంప ముంచింది."

దూరంగా షీమో ఒక్కడే నిలబడ్డాడు. పక్కన నిలబడటానికి ఎవరూ సాహసించలేదు. టోనెట్ అటు చూసి మొహం తిప్పేసుకున్నాడు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

ఎలాది చేతులు విప్పాడు. పెట్ట లేచింది. గంటగోపురం చుట్టూ తిరిగింది. ఊరి మెడలన్నీ దాంతోపాటు తిరిగాయి. షీమో పెరటి మీదికి వెళ్ళేసరికి టోనెట్ పిడికిళ్ళు బిగిశాయి. అది ఆగలేదు. టోనెట్ ఇంటి కారే కప్పు మీదుగా దాటింది. అక్కడా ఆగలేదు. ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. షీమో కళ్ళు మూసుకున్నాడు.

పెట్ట రెక్కలు ముడిచి, జనం మధ్యకు దిగింది.

ఫీనా భుజం మీద వాలింది.